రేడియో ఏరియల్, మురీల ఇసుక, అంగారకుడి మట్టి

పర్లాకిమిడిలో మాది మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టు. ఎండలు ముదిరాయంటే ఇటు కాశీనగరం నుంచి, అటు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి కాలిపోయిన మోటార్లు ఆటోల్లో దిగుతూనే ఉంటాయి. స్టేటర్ విప్పగానే వార్నిష్ ఎక్కడ నల్లబడిందో, ఇన్సులేషన్ పేపరు ఎక్కడ పొడి అయిపోయిందో చూసి, వేడి ఎక్కడ పుట్టి ఎటు పాకిందో నాన్న చెప్పేస్తాడు. బరంపురంలో ఫిజిక్స్ డిగ్రీ చదివి వచ్చాను కానీ, వేడి గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ కొట్లో నేర్చుకున్నదే.

ఇప్పుడు రాస్తున్నది మోటార్ల సంగతి కాదు. మట్టిలో వేడి ఎలా నడుస్తుందో నా చేత్తో నేనే కొలుచుకున్న సంగతి. దానికి మూలం అంగారకుడి మీద మట్టిలో దిగబడకుండా ఉండిపోయిన ఒక మేకు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదుగా పోయింది. కరెంటు తిరిగొచ్చాక నీళ్లు తాగిన మోటార్లతో కొట్టు నిండిపోయింది. నవంబరంతా రాత్రిళ్లు కూడా కూర్చుని చుట్టాం. అలా మేలుకుని ఉన్న ఒక రాత్రి, మన గడియారంలో 27వ తేదీ ఒంటిగంటన్నర కావస్తుండగా, నాసా వాళ్ల ఇన్‌సైట్ అంగారకుడి మీద ఎలీసియం ప్లానీషియా అనే మైదానంలో దిగింది. ఫోన్లో చూశాను. మర్నాడు అందరూ దాంట్లోని భూకంపాల యంత్రం గురించే మాట్లాడారు. నా మనసు మాత్రం జర్మనీ అంతరిక్ష సంస్థ వాళ్లు చేసిచ్చిన రెండో పరికరం మీదకి పోయింది. 40 సెంటీమీటర్ల పొడవు, 2.7 సెంటీమీటర్ల లావు ఉన్న గుండ్రటి ఊచ. లోపలే మోటారు, స్ప్రింగు, సుత్తి. బయటి నుంచి ఎవరూ కొట్టక్కర్లేదు, లోపలి సుత్తితో తనను తానే కొట్టుకుంటూ 5 మీటర్ల లోతుకు దిగాలి. దిగుతూ దిగుతూ, 14 ఉష్ణోగ్రత సెన్సార్లు అమర్చిన పట్టీని వెంట లాక్కుపోవాలి. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మోల్. నాకు మాత్రం అది మేకే.

అంత లోతుకు ఎందుకు అని అప్పట్లో మా బావ అడిగాడు. మే నెలలో మా మహేంద్రతనయ నది దాటిన వాళ్లకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఇసుక మీద ఒట్టి కాలు ఆన్చలేం. అదే చోట మా అమ్మమ్మ చలమ తీసేది. మోచేతి లోతుకు చెయ్యి పోయేసరికి ఇసుక చల్లగా, తడిగా ఉండేది, చెయ్యి బయటికి తియ్యబుద్ధయ్యేది కాదు. పగటి వేడి కిందకి దిగుతూ దిగుతూ జానెడు లోతులో చచ్చిపోతుంది. వేసవి వేడి ఇంకా కిందకి పోతుంది, రెండు మూడు మీటర్ల దాకా. గ్రహం కడుపులోంచి పైకి వచ్చే సొంత వేడి చాలా సన్నటిది, ఈ పగలూ రాత్రీ గోలలో, ఎండాకాలం చలికాలం గోలలో దాని గొంతు వినపడదు. ఇన్‌సైట్ దిగిన చోట గాలి పగలు మైనస్ 17 దాకా వేడెక్కి, రాత్రికి మైనస్ 95కి పడిపోయిన రోజులున్నాయి. అంటే ఒక్క రోజులో 80 డిగ్రీల ఊపు. అడుగు నుంచి వచ్చే వేడి చదరపు మీటరుకి 20 మిల్లీవాట్లు అనుకుని లెక్క కడితే, మీటరు లోతుకి అర డిగ్రీ తేడా వస్తుంది. 80 డిగ్రీల ఊపు కింద ఆ అర డిగ్రీని పట్టుకోవాలి. అందుకే లోతు కావాలి.

2019 ఫిబ్రవరి 28న సుత్తి మొదలైంది. 35 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంక దిగలేదు.

ఇళ్లకి ఎర్తింగ్ వేసిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రాడ్డు చుట్టూ మట్టి గట్టిగా పట్టుకుని ఉండాలి. పట్టు లేకపోతే రాడ్డు చుట్టూ సందు పడుతుంది. చెమ్మ నిలిచి కరెంటు సులువుగా నేలలోకి పోవాలని మేము గుంత తీసి ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు కూడా పోయిస్తాం. అంగారకుడి మీద మేకుకి కూడా చుట్టూ ఉన్న మట్టి ఒరుసుకుంటూ పట్టు ఇవ్వాలి. ఆ పట్టు ఉంటేనే సుత్తి దెబ్బకి వెనక్కి తన్నకుండా ముందుకి పోతుంది. ఆ చోట పైన అట్టు కట్టిన గట్టి మన్ను ఉంది. మేకు కొట్టుకున్న కొద్దీ దాని చుట్టూ గుంత పడింది గానీ ఆ మన్ను విరిగి మేకు మీదకి జారలేదు. మేకు ఉన్నచోటే ఎగిరెగిరి పడింది. జూన్‌లో పైనున్న పెట్టెను చేత్తో ఎత్తి చూస్తేగాని ఆ గుంత సంగతి వాళ్లకి తెలియలేదు. తర్వాత ఇన్‌సైట్ చేతికున్న తట్టతో మేకును పక్క నుంచి అదిమిపట్టి కొట్టించారు. అక్టోబరులో కొన్ని సెంటీమీటర్లు దిగింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. 26వ తేదీన సగం బయటికి వచ్చేసింది. ఆ ఫోటో చూసిన రోజు పనిలో మనసు నిలవలేదు. మళ్లీ తలమీద తట్ట పెట్టి నొక్కారు, పైన మట్టి కప్పారు. 2021 జనవరి 9న ఆఖరి సారి 500 దెబ్బలు కొట్టించారు. తల అప్పటికే నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దిగువకి పోయి ఉంది, ఆ దెబ్బలకి అంతకు మించి కదల్లేదు. 14న, మన సంక్రాంతి నాడు, ఇక చాలని ప్రకటించారు. కనుమ నాడు పొద్దున్న అరిసె తింటూ ఆ వార్త చదివాను. రెండేళ్లు అంత దూరం నుంచి ఒక మేకును నొక్కి, నొక్కి చూసిన ఆ మనుషుల మీద నాకున్న గౌరవం మాటల్లో పెట్టలేను.

అక్కడితో కథ అయిపోయిందనే అనుకున్నాను. అదే ఏడాది వాళ్ల లెక్క ఒకటి అచ్చయింది. దిగినంత మేర, అంటే 3 నుంచి 37 సెంటీమీటర్ల లోతు మధ్య, మేకులోని హీటర్‌నే వెలిగించి, అది ఎంత త్వరగా వేడెక్కుతుందో చూసి, ఆ మట్టి ఉష్ణ వాహకత్వం తేల్చారు: 0.039. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న దిమ్మకి ఎదురెదురు పక్కల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉంటే దాంట్లోంచి ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె అది. నీళ్లకి 0.6. మేము రోజూ చుట్టే రాగికి దాదాపు 400. కదలకుండా ఉన్న గాలికి 0.026. అంటే ఆ మట్టి గాలి కన్నా కాస్త మెరుగు, అంతే. మట్టి ఏమిటి, గాలి ఏమిటి! ఆ అంకె నా బుర్రలో కూర్చుండిపోయింది. మా నది ఇసుకకి ఎంత ఉంటుంది? పుస్తకం చూస్తే తెలుస్తుంది. నాకు చూడాలని లేదు, కొలవాలని ఉంది.

కోరిక రెండేళ్లు అలాగే ఉండిపోయింది. 2023 ఆగస్టు 23న మన విక్రమ్ చంద్రుడి మీద దిగింది. నాలుగు రోజులకే ఇస్రో ఒక గ్రాఫు విడుదల చేసింది. చేస్ట్ అనే పరికరం 10 సెన్సార్లున్న ఊచను 10 సెంటీమీటర్ల దాకా మట్టిలోకి దింపింది. పైన 50 డిగ్రీలు, ఎనిమిది సెంటీమీటర్ల కింద మైనస్ 10. ఎనిమిది సెంటీమీటర్లకి 60 డిగ్రీల తేడా! నా అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసుకున్నాను, అదీ ఆ లోతు. ఆ గ్రాఫు ప్రింటు తీసి కొట్లో కెపాసిటర్ల డబ్బా పైన అంటించాను. దసరా వెళ్లగానే పని మొదలుపెట్టాను.

సన్నటి, పొడవాటి ఊచ కావాలి. దాంట్లో పొడవునా హీటర్ వైరు, మధ్యలో ఉష్ణోగ్రత సెన్సారు. ఊచను ఇసుకలో గుచ్చి, స్థిరమైన కరెంటు పంపి, ఉష్ణోగ్రత ఎలా పెరుగుతుందో రాసుకోవాలి. పెరుగుదల కాలంతో నేరుగా సాగదు, కాలం లాగరిథంతో సాగుతుంది. 100వ సెకను నుంచి 200 దాకా ఎంత పెరిగిందో, 200 నుంచి 400 దాకా కూడా అంతే పెరగాలి. ఆ పెరుగుదల ఎక్కువైతే మట్టి వేడిని పోనివ్వట్లేదని, తక్కువైతే సులువుగా పోనిస్తోందని అర్థం. మీటరుకి ఎన్ని వాట్లు ఇస్తున్నామో తెలిస్తే అంకె వచ్చేస్తుంది.

ముందు బజార్లో దొరికే స్టీలు టోపీ వాటర్‌ప్రూఫ్ సెన్సారు వాడాను. వేలంత లావు, పొట్టిది. లెక్కకి అస్సలు ఒప్పుకోలేదు. ఊచ పొడవు లావు కన్నా చాలా రెట్లు ఉండాలి, లేకపోతే వేడి కొసల నుంచి కూడా కారిపోతుంది. అప్పుడు అటక మీద పాత రేడియో గుర్తొచ్చింది. దాని ఏరియల్‌లో ఒకదాంట్లో ఒకటి జారే గొట్టాలు ఉంటాయి కదా, వాటిలో నాలుగు మిల్లీమీటర్ల దాన్ని 12 సెంటీమీటర్లకి కోశాను. నాన్న చూశాడు.

"ఏటిరా, ఏరియలు కోసీసినావు? తాత రేడియో కాదేటి అది?"

విషయం చెప్పాను. అంతా విని లోపలికి వెళ్లి, రిలే కాయిల్స్ చుట్టడానికి దాచుకున్న 42 నంబరు ఎనామిల్ వైరు రీలు తెచ్చి ఇచ్చాడు. "ఇది సన్నంది, జాగర్త. గోరు తగిల్తే తెగిపోద్ది" అన్నాడు. ఆ వైరును ఆరు మడతలు వేసి గొట్టంలోకి ఎక్కించడం నా వల్ల కాలేదు. మూడు సార్లు ఎనామిల్ గీసుకుపోయి షార్ట్ అయింది. నాలుగోసారి నాన్నే కూర్చుని, సైకిల్ బ్రేకు వైరు లోంచి తీసిన ఒక్క పోగుతో లాగి ఎక్కించాడు. ఆరు మడతలకి ఒకటిన్నర ఓమ్ వచ్చింది. 5 వోల్టుల దగ్గర 6.8 ఓమ్ సిమెంటు రెసిస్టర్‌ని సిరీస్‌లో పెడితే 0.6 ఆంపియర్. అంటే మీటరుకి సుమారు నాలుగున్నర వాట్లు. మధ్యలో సెన్సారుగా ఆవగింజంత గాజుపూస థర్మిస్టర్. ఖాళీ అంతా ఎల్ఈడీ బల్బుల వెనక రాసే తెల్ల పేస్టుతో నింపి, రెండు కొసలా ఎమ్‌సీల్ పెట్టాం. రీడింగులకి ఆర్డువినో బోర్డు, పక్కన 16 బిట్ల కన్వర్టర్.

థర్మిస్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ప్యాకెట్లో పది ఉంటే పదీ పది రకాల రీడింగులు ఇచ్చాయి. అమ్మినవాళ్లు మార్చలేదు. కరుగుతున్న ఐసులో ఒకసారి, జ్వరం థర్మామీటరు పక్కన గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి పెట్టి, ఒక్కోదానికీ దాని లెక్క రాసుకుని, రెండు ఎంచుకున్నాను.

కొలిచేది ఏదైనా, ముందు తెలిసిన దాని మీద కొలిచి చూడాలి. మెడికల్ షాపు నుంచి గ్లిజరిన్ సీసాలు తెచ్చాను, దాని అంకె 0.285 చుట్టూ ఉండాలి. నాకు 0.31 వచ్చింది. నీళ్లతో చూద్దామంటే, నీళ్లు వేడెక్కితే పైకి లేచి తిరుగుతాయి, లెక్క పాడైపోతుంది. మా అక్క కిరాణా కొట్టు నుంచి చైనా గ్రాస్ తెచ్చి గ్లాసుడు నీళ్లలో కాచి గడ్డ కట్టించింది. గడ్డలో నీళ్లు కదలవు, వాహకత్వం మాత్రం దాదాపు నీళ్లదే. అక్కడా పది శాతం దాకా ఎక్కువే చూపించింది. రెండింట్లోనూ ఒకే వైపు, ఒకే పాళ్లలో తప్పు వచ్చిందంటే తప్పు నా వాట్ల లెక్కలో ఉందన్నమాట. చూస్తే బయటికొచ్చే తీగల దగ్గర కొంత వోల్టేజి పోతోంది. సరిచేశాక రెండూ దారిలోకి వచ్చాయి. ఆ రాత్రి నిజంగా సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఇక ఇసుక. నది ఇసుక ఎంత ఎండబెట్టినా లోపల చెమ్మ ఉంటుంది, చెమ్మ కాస్త ఉన్నా అంకె పెరిగిపోతుంది. మా వీధి చివర ఒక పిన్ని మురీలు వేయిస్తుంది. మూకుడులో ఇసుక ఎర్రగా కాలాక బియ్యం పోసి, చీపురుకట్టతో రెండు తిప్పులు తిప్పితే తెల్లగా పొంగి పైకి తేలతాయి. తరవాత జల్లెడలో పట్టి ఇసుక కిందకి దించేస్తుంది. అదే ఇసుక మళ్లీ మూకుడులోకి. ఏళ్ల తరబడి కాలి, జల్లెడపట్టిన ఇసుక కన్నా పొడి ఇసుక నాకెక్కడ దొరుకుతుంది? బకెట్టెడు అడిగాను.

"ఇసక తీసుకెళ్లి ఏటి సేస్తావు బాబూ?"

"కొలిచి మళ్లీ తెచ్చిస్తాను పిన్నీ."

"తేవాలి మరి. కొత్త ఇసక అయితే మురీలు మాడిపోతాయి, ఇది చెయ్యికి అలవాటైన ఇసక" అంది.

ఆ మాట అప్పుడు నాకు మామూలుగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే దాంట్లో చాలా ఉంది. రేణువు సైజు మారితే వేడి ఎక్కే తీరు మారుతుంది. దాన్ని ఆమె చెయ్యి కొలుస్తోంది.

మొదటి కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఒకసారి 0.22, ఒకసారి 0.35. పరికరం మీద అనుమానపడి రెండు వారాలు పోగొట్టుకున్నాను. అసలు తప్పు నా చేతిలో ఉంది. ఊచను గుచ్చేటప్పుడు అటూ ఇటూ ఆడిస్తున్నాను. చుట్టూ సందు పడితే మొదటి నిమిషంలో ఊచ ఒంటరిగా వేడెక్కుతుంది. ఆ పెరుగుదల గొట్టానిది, సందుది, ఇసుకది కాదు. పోనీ బకెట్టు తట్టి సర్దుదామంటే, తట్టినప్పుడల్లా ఇసుక బిగుసుకుని అంకె పైకి పోతుంది. చివరికి ఊచను ముందే నిలబెట్టి, చుట్టూ ఇసుకను జల్లెడలోంచి వర్షంలా కురిపించి నింపాను. మొదటి నిమిషం రీడింగులు పక్కన పెట్టేశాను. అప్పుడు ఐదు సార్లు కొలిస్తే ఐదు సార్లూ 0.27 కి కాస్త అటూ ఇటూ. నీళ్లు పోసి తడిపితే 1.8. ఒకే ఇసుక, మధ్యనున్న గాలి స్థానంలో నీళ్లు చేరితే దాదాపు ఏడు రెట్లు.

మేకు మీద నా గౌరవం ఇక్కడ ఇంకా పెరిగింది. నేను బకెట్టులో పడ్డ తిప్పలన్నీ వాళ్లు అక్కడ పడ్డారు. వాళ్ల మేకు లావుది కాబట్టి గంటల తరబడి వేడి చెయ్యాలి. సుత్తి దెబ్బలతో చుట్టూ ఉన్న మట్టిని అదే మార్చేసింది. సందు పడి ఉండొచ్చు. నేనైతే బకెట్టు ఒంపేసి మళ్లీ నింపుతాను. వాళ్లకి ఉన్నది ఒకటే గుంత. ఇవన్నీ లెక్కలో పెట్టుకుని 0.039కి అటూ ఇటూ 0.002 అని చెప్పగలిగారంటే అది ఎంత ఓపికతో చేసిన పనో బకెట్టు ముందు కూర్చుంటే తెలుస్తుంది. చంద్రుడి మీద కూడా ఇంతే కదా. 1971లో అపోలో 15 వాళ్లకి డ్రిల్లు అనుకున్నంత లోతుకు దిగలేదు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16లో జాన్ యంగ్ కాలికి తీగ చుట్టుకుని తెగిపోయి, ఆ ప్రయోగమే పోయింది. డిసెంబరులో అపోలో 17 వాళ్లు 2.4 మీటర్ల దాకా దింపగలిగారు. వేడి కొలవడం కన్నా ఊచను నేలలో దింపడమే పెద్ద పని.

2024 మే నెలలో నదికి వెళ్లాం. నేను, మా అక్క కూతురు బుజ్జి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇసుకను బాలి అంటుంది, మట్టిని మాటి అంటుంది, నోటుబుక్కులో అలాగే రాస్తుంది. గట్టు పక్కన ఎత్తుగా, పొడిగా ఉన్న ఇసుకమేట చూసుకుని పైన, 10, 20, 40 సెంటీమీటర్ల దగ్గర సెన్సార్లు పాతాం. పవర్ బ్యాంకు పెట్టి ఇంటికి వచ్చేస్తే గంటకే ఆరిపోయింది. ఆ బోర్డు తాగే కరెంటు మరీ తక్కువ కదా, ఎవరూ వాడట్లేదనుకుని పవర్ బ్యాంకు ఆఫైపోతుంది. మర్నాడు స్కూటరు బ్యాటరీ మోసుకెళ్లి, అక్కడే చాప వేసుకున్నాం. అమ్మ టిఫిన్ క్యారేజీతో వచ్చి, ఎండలో అలా కూర్చున్న మమ్మల్ని చూసి, "ఇసకలో ఏటి పారేసుకున్నార్రా?" అని అడిగింది.

పైన ఇసుక ఒంటిగంటన్నరకి 58 డిగ్రీలు తాకింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. పది సెంటీమీటర్ల దగ్గర మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉంది. నాలుగైంది, ఐదైంది, ఎక్కుతోంది. సూర్యుడు దిగిపోయాక ఆరున్నరకి అక్కడ మధ్యాహ్నం అయింది. ఇరవై సెంటీమీటర్ల దగ్గర రాత్రి పదిన్నర దాటాక ఆగింది. మా చుట్టూ చల్లగాలి వీస్తోంది, కప్పలు అరుస్తున్నాయి, మా కింద జానెడు లోతులో మధ్యాహ్నపు ఎండ అప్పుడే చేరింది. బుజ్జి ఇసుక మీద చెయ్యి ఆన్చి చాలాసేపు అలాగే ఉంది. నలభై దగ్గర, చెమ్మ తగిలే చోట, గీత దాదాపు కదల్లేదు.

పైనున్న పొడి ఇసుకలో ఆ ఆలస్యాన్ని పట్టి లెక్కేస్తే, ఏడున్నర సెంటీమీటర్లకి ఒకసారి పగటి ఊపు మూడో వంతుకి పడిపోతోందని తేలింది. దాని నుంచి వెనక్కి లెక్కగడితే వాహకత్వం మా ఊచ చెప్పిన దానికి దగ్గరగానే వచ్చింది. రెండు వేరే దారుల్లో వెళ్లి ఒకే ఇంటికి చేరాం. అంగారకుడి అంకెలు పెట్టి అదే లెక్క చేశాను. అక్కడ పగటి ఊపు నాలుగు సెంటీమీటర్లకే మూడో వంతు. అక్కడి ఏడాది ఊపు అలా తగ్గడానికి దాదాపు మీటరు. మేకు నలభై సెంటీమీటర్ల లోపే ఉండిపోయింది కాబట్టి అది పూర్తిగా రుతువుల గోల మధ్యే ఉంది. గ్రహం సొంత వేడి అందుకే దానికి అందలేదు. మట్టి స్వభావం మాత్రం అందింది.

ఒక ప్రశ్న మిగిలింది. మా పొడి ఇసుక 0.27, వాళ్ల మట్టి 0.039. ఇసుక ఇసుకే కదా, ఏడు రెట్లు తేడా ఎందుకు?

రేణువు రేణువును తాకేది సూదిమొనంత చోట. దాని గుండా పోయే వేడి కొంచెమే. మిగతాది రేణువుల మధ్యనున్న గాలి మోసుకుపోతుంది. అంగారకుడి మీద గాలి మన దాంట్లో దాదాపు నూటయాభయ్యో వంతు. మోసేవాళ్లే తక్కువ. 2023లో వచ్చిన వాళ్ల రెండో లెక్క ఇంకా అందంగా ఉంది. చలికాలంలో ధ్రువం దగ్గర కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి అక్కడి గాలి ఒత్తిడి తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది. వేర్వేరు రుతువుల్లో ఆరు సార్లు కొలిస్తే, ఒత్తిడి పెరిగినప్పుడు మట్టి వాహకత్వం పెరిగింది, తగ్గినప్పుడు తగ్గింది. నేలలో ఇరుక్కున్న ఆ మేకు ఆకాశంలో గాలి ఎంత ఉందో చెప్పిందన్నమాట.

ఇది నా కళ్లతో చూడాలనిపించింది. కొట్లో తుక్కు ఫ్రిజ్ కంప్రెసర్ ఉంది, దాని లాగే వైపు తగిలిస్తే గాలి బయటికి లాగుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపుకి రెండు వైపులా ఎండ్ క్యాపులు అంటించి, లోపల ఊచ నిలబెట్టి, పిన్ని ఇసుక కురిపించాం. ఇసుక కంప్రెసర్‌లోకి పోకుండా పాత చీర ముక్క అడ్డం పెట్టాం. తీగలు బయటికి వచ్చే చోట గాలి కారుతూ మూడు రోజులు సతాయించింది. ఎమ్‌సీల్ మీద మోటారు వార్నిష్ పూశాక ఆగింది. పైపు పగిలితే ముక్కలు ఎగరకుండా గోనెసంచి కప్పాం. గ్యాస్ మెకానిక్ గేజి ముల్లు 29 అంగుళాల దగ్గర నిలిచింది. ముప్పయ్యో వంతు గాలి ఇంకా ఉందన్నమాట, అంగారకుడంత పలచన కాదు. అయినా అంకె 0.27 నుంచి 0.14కి పడిపోయింది. లోపల ఇసుక మారలేదు, ఊచ మారలేదు, ఎవరూ తట్టలేదు. పోయింది గాలి ఒక్కటే.

ఆ సాయంత్రం హీటర్ వేసి పది నిమిషాలైంది. తెర మీద 41.3. బుజ్జిని వాల్వు కొంచెం తిప్పమన్నాను. గోనెసంచి కింద నుంచి సన్నగా ఈల వినిపించింది, లోపలికి గాలి పోతోంది. 41.3 అలాగే ఆగింది. తర్వాత 40.8. 40.1. 39.5.

"మావయ్యా, హీటర్ ఆపీసినావేటి?"

ఆపలేదు. మీటరు చూపించాను, 0.6 ఆంపియర్ అలాగే ఉంది. నాన్న చుట్టుతున్న స్టేటర్ కింద పెట్టి, లేచి వచ్చి తెర ముందు వంగాడు. 38.7. బుజ్జి ఇంకేమీ అడగకుండా వాల్వు మూసేసి, కంప్రెసర్ స్విచ్ మీద చెయ్యి పెట్టి మా వైపు చూసింది.

"మళ్లీ లాగు" అన్నాడు నాన్న.